ఏడో నెల బిడ్డకు వేరే ప్యాకెట్ కావాలి

చంటిపిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే పోషకాహార పిండి బాలామృతం. దాని ప్యాకెట్ బరువు రెండున్నర కిలోలు. ఏడో నెల నడుస్తున్న బిడ్డ ఇంటికీ, మూడో పుట్టినరోజు దగ్గరపడిన బిడ్డ ఇంటికీ అంగన్‌వాడీ నుంచి నెలనెలా వెళ్లేది ఆ ఒక్క ప్యాకెట్టే. ఒకరికి ఇంకా పన్ను రాలేదు. ఇంకొకరు పెద్దల కంచంలో చెయ్యి పెట్టి అన్నం తీసుకునే వయసు. ఇద్దరికీ రోజుకు వంద గ్రాముల లెక్కే. తెలంగాణలో దీనికి తోడు నెలకు 16 గుడ్లు కూడా ఇస్తున్నారు. ఈ సాయాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కూలికి వెళితేగానీ పొయ్యి వెలగని ఇళ్లలో చంటిబిడ్డ కోసం విడిగా వచ్చే తిండి ఇదొక్కటే. అందుకే అందులో ఏముందో, అది ఏ నెల బిడ్డకు సరిపోతుందో పట్టించుకోవాలి. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైంది 1975 అక్టోబరు 2న. యాభై ఏళ్లలో ఎంతమందికి పంచాం, ఎన్ని టన్నులు పంచాం అన్న లెక్కలు బాగానే రాసుకున్నాం. వయసు లెక్క మాత్రం ఇంకా సరిగా వేసుకోలేదు.

చిక్కు చట్టంలోనే మొదలైంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలందరినీ ఒకే వరుసలో నిలబెట్టింది. ఇంటికిచ్చే రేషన్‌లో రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్ ఉండాలంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వేరు. తల్లిపాలు తాగే బిడ్డకు 6–8 నెలల మధ్య బయటి తిండి నుంచి రోజుకు సుమారు 200 కేలరీలు అందితే చాలు. 9–11 నెలల్లో 300 కావాలి. ఏడాది నిండాక 550 దాకా పెరుగుతుంది. వంద గ్రాముల బాలామృతంలో ఉన్నవి 414 కేలరీలు. అంటే రెండేళ్ల బిడ్డకు అది చాలదు, ఏడు నెలల బిడ్డకు అవసరానికి రెట్టింపు. అంగన్‌వాడీ టీచరమ్మ చెప్పిందని తల్లి శ్రద్ధగా ఆ వంద గ్రాములూ పెడితే బిడ్డ పాలు తాగడం తగ్గించేస్తాడు. ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒక పూటకు పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు, అంటే గ్లాసు నిండా కూడా కాదు. అందులో జావ ఎంత ఎక్కువ పడితే పాలకు చోటు అంత తగ్గుతుంది. తల్లి పెట్టకపోతే మిగిలిన పిండి అన్నకో అక్కకో పోతుంది. వాళ్లూ ఆకలిగొన్న పిల్లలే కాబట్టి అందులో తప్పు లేదు. కాకపోతే రికార్డులో మాత్రం ఆ తిండి చంటిబిడ్డ తిన్నట్టే ఉంటుంది.

ఇక చక్కెర సంగతి. అధికారికంగా చెబుతూ వచ్చిన మిశ్రమం ప్రకారం వంద గ్రాముల బాలామృతంలో వేయించిన గోధుమ 55 గ్రాములు, శనగపప్పు 5, పాలపొడి 10, నూనె 10, చక్కెర 20. నూనె మీద నాకు ఫిర్యాదు లేదు. చంటిబిడ్డకు కొవ్వు కావాలి, తల్లిపాలలోని శక్తిలో సగం దాకా కొవ్వు నుంచే వస్తుంది. చక్కెరకు ఆ సమర్థన దొరకదు. ప్యాకెట్‌లోని శక్తిలో దాదాపు ఐదో వంతు చక్కెరదే. శనగపప్పుకు నాలుగు రెట్లు చక్కెర పోసినదాన్ని పసిపిల్లల పోషకాహారం అంటున్నాం. 6 నుంచి 23 నెలల పిల్లల ఆహారంపై 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్నవాటిని ఈ వయసులో పెట్టొద్దన్నాయి.

2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ, ఐబీఫ్యాన్ అనే సంస్థలు బజారులో దొరికే శిశు ఆహారం సెరెలాక్ గురించి ఒక నివేదిక బయటపెట్టాయి. జర్మనీ, బ్రిటన్లలో చక్కెర కలపకుండా అమ్మే ఆ సరుకులో, మన దేశానికి వచ్చేసరికి ఒక్కో పూట మోతాదుకు సగటున మూడు గ్రాముల దాకా చక్కెర కలుపుతున్నారని అందులో తేలింది. దేశమంతా మండిపడింది. మండిపడాల్సిందే. మరి మన డబ్బుతో తయారై మన పేద ఇళ్లకు వెళ్లే పిండిని రోజు లెక్కలో సగమే పెట్టినా పది గ్రాముల చక్కెర బిడ్డ నోట్లోకి వెళుతుంటే ఆ కోపం ఏమైపోయింది? కంపెనీని నిలదీసిన న్యాయమే ప్రభుత్వానికీ వర్తించాలి.

చక్కెర లేకపోతే పిల్లలు తినరని, శక్తి తగ్గుతుందని అధికారులు అంటారు. పుట్టాక ఆరు నెలల పాటు పాల రుచి తప్ప మరోటి ఎరగని బిడ్డకు తీపి లేకపోతే తినడని ముందే ఎవరు తేల్చారు? ఆ అలవాటు చేసేది మొదట్లో మనం పెట్టే ముద్దే. శక్తి మాటకొస్తే, దానికి మన వంటింట్లోనే ఉపాయం ఉంది. రాగుల్ని నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తారు కదా. ఆ మొలకల పిండి ఒక చెంచా తీసుకుని, గరిట నిలబడేంత చిక్కగా కాచిన వేడి జావలో కలిపి చూడండి. కాసేపట్లోనే జావ జారుగా మారుతుంది. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టిన ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టడమే దీనికి కారణం. నీళ్లు పోసి పలచన చేసిన జావలో బలం ఉండదు. ఇది అలా కాదు, పిండి ఎక్కువ, చిక్కదనం తక్కువ. పైగా చక్కెర వెయ్యకుండానే కాస్త తియ్యగా ఉంటుంది. మన దేశంలో పోషకాహార శాస్త్రవేత్తలు దీనిపై ఎప్పుడో పరిశోధన చేశారు. హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ గోధుమ, శనగపప్పు, వేరుశనగ, బెల్లంతో హైదరాబాద్ మిక్స్ తయారుచేసి చూపించింది. అందులోని బెల్లం కూడా తీపే, ఏడాదిలోపు పిల్లలకు అదీ తగ్గించాలి. నేను చూపదలచింది పప్పుకూ వేరుశనగకూ అందులో ఇచ్చిన చోటు. నాచారంలో బాలామృతం తయారుచేసే తెలంగాణ ఫుడ్స్‌కూ, తార్నాకలోని ఆ పరిశోధన సంస్థకూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే.

ఇనుము సంగతి ఇంతకన్నా తొందరపడాల్సినది. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి కడుపులోంచి తెచ్చుకున్న ఇనుము నిల్వ ఆరు నెలలకు అడుగంటుతుంది. తల్లిపాలలో ఉండేది తక్కువ. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. అదే సర్వేలో, దేశం మొత్తం మీద 6–23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నవాళ్లు 11 శాతం దాకానే తేలారు. బాలామృతంలో ఇనుము, విటమిన్లు కలుపుతారు, నిజమే. పొడిలో కలిపి ఇచ్చాం కాబట్టి మన పని అయిపోయిందనుకోవడమే పొరపాటు. పప్పు మెత్తగా ఉడికించి, మునగాకు వేసి మెదిపి, దించాక రెండు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. మాంసం తినే ఇళ్లలో ఉడికించి మెదిపిన కోడి కార్జం ఒక చెంచా పెట్టినా మేలే. బిస్కెట్టు టీలో ముంచి పెడితే మాత్రం వచ్చే ఇనుము కూడా వృథా అవుతుంది. ఈ మాటలు ఏ ప్యాకెట్‌లోనూ పెట్టి పంపలేం. ఎవరో ఒకరు చెప్పాలి, చేసి చూపించాలి.

గుడ్డు కూడా అంతే. ఇస్తున్నాం, కానీ ఏడాదిలోపు బిడ్డ దాకా చేరుతోందా? ‘వేడి చేస్తుందమ్మా, అరగదు, పళ్లొచ్చాక పెడదాంలే’ అంటుంది నాయనమ్మ. ఆమెకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు, ఆరో నెల దాటితే గుడ్డు పెట్టొచ్చని ఆమెతో కూర్చుని చెప్పినవాళ్లు లేక. బాగా ఉడికిన గుడ్డును చిదిమి నెయ్యన్నంలో కలిపి, మొదటిసారి ఆమె చేతే ఒక ముద్ద పెట్టించాలి. నెలకోసారి బరువు తూచే రోజున అంగన్‌వాడీలో ఈ పని చెయ్యొచ్చు. టీచరమ్మ ఆ పూట ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు నింపుతూ కూర్చోవాల్సిన అవసరం లేకపోతే.

బిడ్డను పగలంతా చూసుకునే శిశు సంరక్షణ కేంద్రాలకు ఇంకొక మాట. కేంద్రం ‘పాల్నా’ పథకం కింద ఆరు నెలలు నిండిన పిల్లల్ని కూడా ఇలాంటి కేంద్రాల్లో చేర్చుకోవచ్చు. అమెరికాలో ఇలాంటి కేంద్రాల భోజన ఖర్చు భరించే సమాఖ్య పథకంలో 2017 అక్టోబరు నుంచి పసిపిల్లల నిబంధనలు మార్చారు. ఏడాదిలోపు పిల్లలకు పండ్ల రసం తీసేశారు. తల్లి కేంద్రానికి వచ్చి పాలిచ్చి వెళ్లినా ఆ పూటను భోజనం కింద లెక్కగట్టి కేంద్రానికి డబ్బు చెల్లిస్తున్నారు. తల్లిపాలనూ మెనూలో ఒక పదార్థంగా గుర్తించారన్నమాట. నాట్లకో ఉపాధి పనికో వెళ్లిన తల్లి మధ్యలో వచ్చి పాలిచ్చే వీలు మన దగ్గరా నిబంధనగా రాయాలి. ఇందుకు కావలసింది తల్లి కూర్చోవడానికి ఒక చాటు, పనిచోట అరగంట వెసులుబాటు.

డబ్బు చాలదన్న మాట నిజమే. మామూలు బిడ్డకు రోజుకు 8 రూపాయలు, తీవ్ర పోషకాహార లోపం ఉన్న బిడ్డకు 12 రూపాయలు అని కేంద్రం లెక్క కట్టింది 2017లో. ఒక గుడ్డు, చారెడు పప్పు కొంటే అయిపోయే సొమ్ము అది, పెంచాల్సిందే. కానీ వయసును బట్టి ప్యాకెట్ విడగొట్టడానికి పెద్దగా కొత్త డబ్బు అక్కర్లేదు. ఏడు నెలల బిడ్డకు సగం పిండి చాలు కాబట్టి, మిగిలిన సొమ్ము పప్పుకూ వేరుశనగకూ పాలపొడికీ మళ్లించొచ్చు. కేరళలో కుటుంబశ్రీ మహిళల యూనిట్లు, ఒడిశాలో స్వయం సహాయక సంఘాలు శిశువుల పిండిని ఊళ్ల దగ్గరే తయారుచేస్తున్నాయి. వాళ్ల మిశ్రమాల్లోనూ తీపి ఉంది, ఆ విషయంలో వాళ్లనూ అనుకరించనక్కర్లేదు. తాజా సరుకు, చిన్న మోతాదు, స్థానిక ధాన్యం అన్న మూడింటిలోనే వాళ్లు మనకంటే ముందున్నారు.

రెండు తెలుగు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలూ చెయ్యగలిగిన పని ఒకటుంది. వచ్చే సరఫరా ఉత్తర్వులోనే 7 నుంచి 12 నెలల పిల్లలకు విడిగా ఒకటింబావు కిలోల ప్యాకెట్ పెట్టాలి. అందులో చక్కెర ఉండకూడదు, పప్పు వాటా పెరగాలి, మొలకల రాగిపిండి కలవాలి. ఏ నెలలో ఎన్ని చెంచాలు, రోజుకు ఎన్నిసార్లు అన్నది చదువురాని తల్లికీ అర్థమయ్యేలా దానిమీద బొమ్మలతో అచ్చువేయాలి. ముందు ఒక్కో రాష్ట్రంలో ఒక్క జిల్లాలో మొదలుపెట్టి, ఏడాది పాటు ఆ పిల్లల బరువు, రక్తంలో హిమోగ్లోబిన్, తల్లిపాలు ఎన్నాళ్లు కొనసాగాయన్నది చూసి ఆ లెక్కలు అందరి ముందూ పెట్టాలి.