వందేళ్లు దాటినా డ్యూటీలోనే!

మా ఇంట్లో నాకంటే వయసులో పెద్దదైన కుట్టుమిషన్ ఒకటుంది. అమ్మ అప్పుడప్పుడు రెండు చుక్కల నూనె వేస్తుంది, అది గడగడా నడుస్తుంది. నా ఫోనేమో రెండేళ్లకే ‘ఇక నా వల్ల కాదు’ అంటోంది. అందుకే పాత వస్తువేదైనా ఇంకా పనిచేస్తోందంటే నాకు భలే ముచ్చటేస్తుంది.

ఈ మధ్య అలా నచ్చేసింది జపాన్‌లోని ఒక క్రేన్. నాగసాకిలో మిత్సుబిషి షిప్‌యార్డ్ ఒడ్డున పెద్ద సుత్తిని నిలబెట్టినట్టు ఉంటుంది. స్కాట్లాండ్‌లో తయారై 1909లో అక్కడ నిలబడింది. ఎత్తు 62 మీటర్లు, దాదాపు 20 అంతస్తులన్నమాట. ఒక్కసారికి 150 టన్నులు లేపగలదు. అంటే ఓ 150 చిన్న కార్లు! అదీ ఆవిరి యంత్రాల కాలంలో, కరెంటుతో.

1945లో ఆ ఊరి మీద అణుబాంబు పడింది. క్రేన్ మాత్రం నిలిచింది. 1961లో దాన్ని ఇప్పుడున్న చోటికి మార్చారు. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మనమైతే చుట్టూ కంచె కట్టి, ‘ముట్టుకోరాదు’ అని బోర్డు పెట్టేవాళ్లమేమో! వాళ్లు అలా చేయలేదు. ఆ గుర్తింపు వచ్చాక కూడా టర్బైన్లు, ఓడల ప్రొపెల్లర్లు ఎత్తే పని దానిదే. వాడుతున్నారు కాబట్టే రిపేర్లు చేస్తున్నారు, రిపేర్లు చేస్తున్నారు కాబట్టే బతికుంది.

ఇక్కడిదాకా చదివి శభాష్ అనుకున్నా. ఆ తర్వాతే ఇంకో సంగతి తెలిసింది. యుద్ధకాలంలో అదే షిప్‌యార్డ్‌లో కొరియా నుంచి బలవంతంగా తెచ్చిన మనుషులతో పని చేయించారు. వారసత్వ జాబితాలోకెక్కిన కొన్ని చోట్ల అలా జరిగిందని 2015లో జపాన్ ఒప్పుకుంది, ఆ బాధితుల కథ కూడా చెబుతామని మాటిచ్చింది. ఆ మాట పూర్తిగా నిలబెట్టుకోలేదని 2021లో ప్రపంచ వారసత్వ కమిటీ గట్టిగానే విచారం తెలిపింది.

క్రేన్ చేసిన తప్పేం లేదు. కానీ ఇనుముకి రంగులేసి కాపాడుకున్నంత శ్రద్ధగా, దాని నీడలో చెమటోడ్చిన వాళ్లను గుర్తుపెట్టుకోకపోతే అది సగం వారసత్వమే కదా!

మొన్న అమ్మని అడిగా, ఆ మిషన్ ఎందుకు కొన్నావని. కాసేపు మాట్లాడలేదు. నా స్కూలు ఫీజు కోసం రాత్రిళ్లు ఊళ్లోవాళ్ల జాకెట్లు కుట్టేదట. ఇన్నేళ్లూ నాకు మిషన్ శబ్దమే తెలుసు.

మీ ఇంట్లోనూ ఓ పాత మిషన్ ఉండే ఉంటుంది. ఫొటో తీసి స్టేటస్ పెట్టే ముందు, దాని వెనకున్న మనిషిని ఓసారి అడగండి.