అమ్మకానికి లేని నేల

2024 జనవరిలో ప్రధానమంత్రి లక్షద్వీప్‌ను సందర్శించిన నాటి నుండి ఆ దీవుల పేరు దేశమంతటా మారుమోగుతున్నది. నీలి మడుగుల చిత్రాలు చూసిన మన కుటుంబాలలో రెండు ప్రశ్నలు వినిపిస్తున్నాయి. సెలవులలో పిల్లలతో అక్కడికి వెళ్ళి రావచ్చునా? గల్ఫ్‌లో చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ముతో అక్కడ కాస్త స్థలం కొని పెట్టుకోవచ్చునా? ఆ దీవుల జనాభాలో నూటికి తొంభై ఆరుగురికి పైగా ముస్లిములే. కనుక అక్కడ మనం పరాయివారం కాబోమన్న భావన ఈ రెండవ ప్రశ్నకు బలం చేకూరుస్తున్నది. మొదటి ప్రశ్నకు మా సమాధానం: తప్పక వెళ్ళి రండి. రెండవ దానికి సమాధానం: కొనలేము. ఆ అవరోధం వెనుక ఉన్న న్యాయాన్ని ఈ మాసం కాస్త వివరంగా చెప్పుకుందాము.

లక్షద్వీప్ పేరులో లక్ష ఉన్నా దీవులు 36 మాత్రమే. వాటిలో జనావాసం ఉన్నవి పది. అన్నింటి విస్తీర్ణం కలిపినా 32 చదరపు కిలోమీటర్లు మించదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ కాస్త నేల మీద 64,473 మంది నివసిస్తున్నారు. అంటే చదరపు కిలోమీటరుకు రెండు వేల మందికి పైగా అన్నమాట. పగడపు దిబ్బల మీద ఏర్పడిన ఆ నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అక్కడ ఒక ఎకరం చేతులు మారితే దాని ప్రభావం ఊరంతటి మీదా పడుతుంది.

చట్టం ఈ సత్యాన్ని గుర్తించింది. తామూ తమ తల్లిదండ్రులిద్దరూ ఆ దీవులలోనే పుట్టిన స్థానికులను షెడ్యూల్డు తెగలుగా ప్రకటించారు. 1960వ దశకంలో వచ్చిన నిబంధనలు ప్రభుత్వ అనుమతి లేకుండా వారి భూమి బయటివారికి బదిలీ కాకుండా నిరోధించాయి. 1967 నాటి నిబంధనల ప్రకారం అనుమతి పత్రం లేనిదే బయటివారు దీవులలో అడుగుపెట్టడానికీ వీలులేదు, స్థిరపడడానికీ వీలులేదు. ఉద్యోగరీత్యా వెళ్ళే ఉపాధ్యాయులు, వైద్యులు, అధికారులు పదవీకాలం ముగియగానే తిరిగి రావలసినవారే.

ఇది మన తెలుగువారికి కొత్త విషయమేమీ కాదు. అరకు, పాడేరు, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాలలో అమలులో ఉన్న 1/70 చట్టం మనకు తెలిసినదే. అక్కడ గిరిజనేతరుల పేరిట భూమి బదిలీ చెల్లదు. అయినా గిరిజనుని పేరు మీద కాగితాలు వ్రాయించి, అనుభవం మాత్రం తమ చేతిలో ఉంచుకున్నవారు ఎందరో ఉన్నారు. లక్షద్వీప్ విషయంలోనూ ఇటువంటి మాటలతో ఎవరైనా మీ తలుపు తట్టవచ్చు. స్థానికుని పేరిట కొందాము, దీర్ఘకాలపు లీజు వ్రాయించుకుందాము అని ఆశ చూపవచ్చు. అటువంటి ఒప్పందం న్యాయస్థానంలో నిలబడదు, ఇచ్చిన సొమ్ము తిరిగి రాదు. అంతకు మించి అది ఒక బలహీన సమాజపు రక్షణకు కన్నం వేయడమే అవుతుంది. జానెడు నేలనైనా అన్యాయంగా ఆక్రమించుకున్నవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల భారం చుట్టబడుతుందన్న దైవప్రవక్త (సఅసం) హెచ్చరిక మనం ఎరిగినదే.

ఆ దీవులలో భూమి గురించిన ఆలోచనే వేరు. అక్కడి ముస్లిములు తరతరాలుగా తల్లి వైపు వంశాన్ని అనుసరిస్తారు. తరవాడు అనబడే ఉమ్మడి కుటుంబానికి చెందిన ఆస్తిని వారు శుక్రవారపు ఆస్తి అంటారు. అది స్త్రీల ద్వారానే తరువాతి తరానికి సంక్రమిస్తుంది. ఏ ఒక్కరూ దానిని తమ ఇష్టం వచ్చినట్లు అమ్ముకోలేరు. పురుషుడు జీవితాంతం దాని ఫలాన్ని అనుభవించవచ్చును గానీ, అతని వాటా అతని పిల్లలకు గాక అక్కచెల్లెళ్ళ సంతానానికి చేరుతుంది. ఎవరికి వారు స్వయంగా సంపాదించుకున్నది సోమవారపు ఆస్తి. దాని పంపకంలో షరీఅత్ వారసత్వ నియమాలను పాటిస్తారు. ఇస్లాం రాకకు ముందు నుండీ ఉన్న ఆచారమూ, ధర్మశాస్త్రమూ ఇలా పక్కపక్కనే నడుస్తున్నాయి. ఆడబిడ్డ తల మీద నీడ చెదరకుండా కాపాడిన ఏర్పాటు ఇది. అక్కాచెల్లెళ్ళకు దక్కవలసిన వాటాను మాటలతో మభ్యపెట్టి మిగుల్చుకునే మన ఇళ్ళు కొన్ని దీని నుండి నేర్చుకోవలసినది ఎంతో ఉన్నది.

నీటి సంగతి మరింత సున్నితమైనది. అక్కడ నదులు లేవు. కురిసిన వాన ఇసుకలో ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతుంది. బావులలో దొరికేది ఆ పొరే. మోటార్లతో అతిగా తోడితే క్రింది ఉప్పునీరు పైకి వస్తుంది. 2005లో కవరత్తిలో సముద్రపు అడుగు నీటి చల్లదనాన్ని వాడుకుని రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తయారుచేసే కేంద్రం నెలకొల్పారు. అయినా దీవుల శక్తికి ఒక హద్దు ఉన్నది. బయటి ధనంతో విల్లాలు లేస్తే మొదట ఎండేది పేదవాని బావే. 2021లో అభివృద్ధి ప్రాధికార సంస్థ ముసాయిదా వెలువడినప్పుడు, భూసేకరణకు అది ఇచ్చే విస్తృతాధికారాలను చూసి దీవులవారు ఆందోళన చెందడంలో ఆశ్చర్యం లేదు.

అలాగని దీవులవారికి అతిథులు అక్కరలేదని కాదు. కొబ్బరి, ట్యూనా చేపల వేట, ప్రభుత్వోద్యోగాలు తప్ప అక్కడి యువతకు ఆధారాలు తక్కువ. మనం వెళ్ళి స్థానికుల ఇళ్ళలో బస చేసి, వారి పడవలెక్కి, వారు వండినది తింటే ఆ సొమ్ము దీవిలోనే నిలుస్తుంది.

వెళ్ళదలచినవారు అక్టోబరు నుండి ఏప్రిల్ వరకు గల కాలాన్ని ఎంచుకోవడం మేలు. వానాకాలంలో ఓడల రాకపోకలు తగ్గుతాయి. కొచ్చి నుండి ఓడలో 14 మొదలు 20 గంటల వరకు పడుతుంది. విమానాశ్రయం అగత్తిలో మాత్రమే ఉన్నది. అనుమతి పత్రం చేతికి వచ్చిన తరువాతనే టిక్కెట్లు కొనండి. రోగం ముదిరితే హెలికాప్టర్‌లో కొచ్చికి తరలించవలసి వస్తుంది గనుక, వృద్ధులను తీసుకువెళ్ళే ముందు వైద్యుని సలహా తీసుకోండి. మినికాయ్‌లో మహల్, మిగిలిన దీవులలో మలయాళం మాట్లాడతారు. కవరత్తిలోని ఉజ్రా మస్జిద్ కొయ్య చెక్కడాలను పిల్లలకు చూపించండి. ఆంద్రోత్‌లో హజ్రత్ ఉబైదుల్లా సమాధి ఉన్నది. ఆయన మదీనా నుండి వచ్చి తమకు ఇస్లాంను పరిచయం చేశారని స్థానికులు చెప్పుకుంటారు. ఒడ్డున కనిపించే పగడాన్ని జ్ఞాపికగా తెచ్చుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద అది నేరం. స్నానానికి ఒక్క బకెట్ నీటితో సరిపెట్టుకోవడం పిల్లలకు అలవాటు చేయండి. వుజూలో సైతం దుబారా వద్దన్న బోధనకు అంతకంటే మంచి పాఠశాల దొరకదు.

ఇతరుల ఇంట్లోకి సలాం చెప్పి, అనుమతి పొందిన పిమ్మటనే ప్రవేశించాలని మన ధర్మం నేర్పింది. లక్షద్వీప్‌లో దీవి అంతా ఒక ఇల్లు. ఆ ఇంటివారు మనకు కొన్ని దినాల ఆతిథ్యమిస్తారు. దానిని కృతజ్ఞతతో స్వీకరించి, ఆ ఇంటిని వారికే విడిచి తిరిగి వద్దాము.