మరపును గ్రాముల్లో కొలవగలమా?

“అరవై యేళ్ళకు అరులు మరులు” అనేసి మన పెద్దలు చేతులు దులిపేసుకున్నారు. ముసలాయన కన్నకొడుకునే “ఎవరు బాబూ నువ్వు?” అని అడిగితే మనమూ చాదస్తమని సరిపెట్టుకుంటాం. కాని 1906లో జర్మనీ వైద్యుడు ఆల్జిమర్ పరీక్షించిన మెదడు యాభై అయిదేళ్ళకే చనిపోయిన స్త్రీది! ఆ మెదడులో ఆయన చూసిన మచ్చలకు మూలం అమిలాయిడ్ బీటా అనే ప్రోటీన్ అని 1984, 85లలో గాని తేలలేదు.

దీన్ని కొలిచేదెలా? మరణించిన వారి మెదడులోంచి చిన్న ముక్క తీసి, తూచి, మెత్తగా నూరి, ఉప్పు ద్రావణంలో కరిగేదాన్ని ముందు వేరు చేస్తారు. కరగకుండా మొండికేసినదాన్ని ఫార్మిక్ ఆమ్లంతో లొంగదీస్తారు. ఆపైన, ఆ ప్రోటీన్‌నే పట్టుకునే యాంటీబాడీలతో ఎలైజా పరీక్ష చేసి, గ్రాము మెదడుకు ఎంత ఉందో లెక్కగడతారు. 40 అమైనో ఆమ్లాలున్న రకం వేరు, 42 ఉన్న రకం వేరు. తొందరగా గడ్డకట్టేది రెండోదే.

అంకె వచ్చింది కదా, ఇక జబ్బు తేలినట్టేనా? అక్కడే ఉంది చిక్కంతా! అమెరికాలో 1986లో మొదలైన ఒక పరిశోధన కోసం 678 మంది క్రైస్తవ సన్యాసినులు మరణానంతరం తమ మెదళ్ళు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. వారిలో కొందరి మెదళ్ళలో మచ్చలు దండిగా ఉన్నా, బతికినన్నాళ్ళూ జ్ఞాపకశక్తి మాత్రం చక్కగానే ఉంది. అంటే ఒట్టి అంకె చాలదు. ఆ మనిషి ఎలా బతికాడో కూడా తెలియాలి. రోగుల మెదళ్ళతో పాటు ఆరోగ్యవంతుల మెదళ్ళూ కావాలి, పక్కపక్కన పెట్టి పోల్చడానికి.

ఇప్పుడు బతికున్నవారి మెదడునే పెట్ స్కాన్‌లో చూడొచ్చు కదా అంటారేమో. నిజమే. కాని ఆ స్కాన్‌కు కనబడేది గడ్డకట్టిన ప్రోటీనే, కరిగి ఉన్నది కాదు. పైగా స్కాన్ చెప్పింది నిజమా కాదా అని సరిచూసుకున్నది కూడా మరణించిన వారి మెదళ్ళతోనే.

మనకు దగ్గర్లోనే, బెంగుళూరు నిమ్హాన్స్‌లో, 1995లో మెదడు బ్యాంకు వెలిసింది. నేత్రదానమంటే ముందుకొచ్చే మనం మెదడు దానమంటే మాత్రం “అమ్మో!” అంటాం. దేహం పూర్తిగా చితికెక్కాలన్న పట్టింపును నేను వెక్కిరించను. కాని చితిలో బూడిదయ్యే మెదడు రేపు మరొకరి తల్లికి మందు వెదకడానికి పనికొస్తుందంటే, ఆ పట్టింపు కాస్త సడలించుకోవడంలో తప్పేముంది?

మిత్రులారా! మనమెంత ఒప్పుకున్నా, రేపు మనం పోయాక సరేననవలసింది ఇంట్లోవాళ్ళే. అందుకే ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు, అన్నాలు తినేటప్పుడు కాకుండా కాస్త తీరికగా, ఈ మాట కదిపి చూడండి. మొదట తిట్లు తప్పవు, తినండి!