రోకలి పట్టిన చేతికి రంపం బరువా?

మొన్న ఆదివారం మా ఇంటికి ఒకావిడ వచ్చారు. మా వారితో కలిసి పనిచేసే ఒకాయన భార్య. కాఫీ గ్లాసు కింద పెట్టబోయి ఆగి, ముందున్న టీపాయిని అటూ ఇటూ పరకాయించి చూసి, "ఎంత బాగుందండీ! ఎక్కడ కొన్నారు?" అన్నారు.

"కొనలేదండీ, చేశాను."

"అంటే, దగ్గరుండి చేయించారా?"

"లేదండీ, నేనే చేశాను. మా పుట్టింటి వంటింటి కిటికీ కోసి."

ఆవిడ ముఖంలో మెచ్చుకోలు టక్కున ఆరిపోయింది. మా వారి వంక ఒకసారి జాలిగా చూసి, గొంతు తగ్గించి, "అంత అవసరం ఏమొచ్చిందండీ మీకు?" అన్నారు.

అయిదు నిమిషాల కిందట అంత బాగున్న బల్ల ఇంతలోకే ఏం పాపం చేసుకుంది? కొట్లో కొంటే అలంకారం. నేను చేస్తే లేమి! ఆవిడ వెళ్ళిపోయాక చాలాసేపు ఆ బల్ల ముందే కూర్చున్నాను. కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు లెండి, మనందరి మీదా. అది చల్లారకముందే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఆడవాళ్ళు చేతిపనులు చేస్తే మనవాళ్ళకి అభ్యంతరం ఏమీ లేదు. దిండు గలీబుల మీద పువ్వులు కుట్టండి, "ఎంత ఓపికో!" అంటారు. ప్లాస్టిక్ వైరు బుట్టలు అల్లండి, పూసలతో చిలకలు గుచ్చండి, "ఎంత నేర్పో!" అంటారు. అదే చేత్తో రంపం పట్టుకోండి. "ఇదేం మగరాయుడి వేషం?" అంటారు. మెత్తటివన్నీ ఆడవాళ్ళకీ, గట్టివన్నీ మగవాళ్ళకీ అని ఈ వాటాలు ఎవరు వేశారో గాని, ఇందులో పెద్ద మోసం ఉంది.

ఆడది సుకుమారం అంటారా? మా అమ్మ కారం కొట్టింది, పసుపు దంచింది, రుబ్బురోట్లో పొత్రం తిప్పింది, నూతిలోంచి చేదతో నీళ్ళు తోడింది. ఆ రోకలి ముందు రంపం ఎంత? దూదిపింజ! రోకలి ఎత్తినన్నాళ్ళూ గుర్తురాని సుకుమారం, రంపం పట్టేసరికి ఎక్కడినుంచి ఊడిపడింది? అసలు సంగతి బరువు కాదు. రోకలి పనికి పేరూ లేదు, కూలీ లేదు. రంపం పనికి రెండూ ఉన్నాయి. అందుకే ఆ గీత.

ఈ మాట ఊరికే అనడం లేదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్నగారి పడక్కుర్చీ కాలు చీలిపోయింది. ఆచారిగారు పెళ్ళికని పొరుగూరు వెళ్ళారు. మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక, అమ్మ బియ్యం డబ్బా వెనకాల దాచుకున్న సుత్తి తీసింది. చీలిన కాలికి పక్కనే ఒక చెక్కపేడు ఆనించి, నాలుగు మేకులు కొట్టి, పైన తాడు బిగించి చుట్టింది. సాయంత్రం నాన్నగారు అందులో కూర్చుని, కదిపి చూసి, "గట్టిగానే చేశాడే ఆచారి. ఎంత తీసుకున్నాడు?" అన్నారు.

అమ్మ ఒక్క క్షణం ఆగింది. "ఏమీ తీసుకోలేదు లెండి. చిన్న పనేగా" అంది.

నేను నోరు తెరవబోతే కళ్ళతోనే వద్దంది. తర్వాత వంటింట్లో "ఎందుకమ్మా అలా చెప్పావు?" అని అడిగాను. "నేను చేశానంటే ఆయన అందులో కూర్చోరే, విరుగుతుందని భయపడతారు" అని నవ్వింది. ఆ కుర్చీ ఇంకో పదేళ్ళు ఉంది. అది బాగుచేసిన మనిషి పేరు మాత్రం నాన్నగారికి చివరిదాకా తెలియలేదు.

ఇది మన పల్లెటూళ్ళ జబ్బే అనుకునేరు! 1927లో పారిస్‌లో షార్లొట్ పెరియాన్ అనే అమ్మాయి, చదువు పూర్తి చేసుకుని, లె కార్బూజియే అనే పేరుమోసిన ఆర్కిటెక్టు దగ్గరికి పని కోసం వెళ్ళింది. ఇక్కడ మేం దిండ్ల మీద కుట్టుపని చెయ్యం అని ఆయన పంపించేశాడు. అదే ఏడాది ఆమె డిజైను చేసిన సామాను ప్రదర్శనలో చూసి, ఆయనే మళ్ళీ పిలిచి పనిలో పెట్టుకున్నాడు. ఆమె అక్కడ పనిచేస్తూ రూపం దిద్దిన ఉక్కు గొట్టాల కుర్చీలు లోకమంతా పేరు తెచ్చుకున్నాయి. పేరు మాత్రం చాలాకాలం ఆయనొక్కడిదే!

ఆ లె కార్బూజియేనే తర్వాత మన చండీగఢ్ నగరానికి నమూనా గీశాడు. అక్కడి ఆఫీసులకీ, కాలేజీలకీ టేకుతో, బెత్తు అల్లికతో కుర్చీలూ బల్లలూ చేయించారు. వాటిని ఆయన బంధువు పియెర్ జానరే డిజైను చేశాడని చెబుతారు. నిజమే. కాని ఆయనతో కలిసి ఆ పని చేసినావిడ ఒకరున్నారు, ఊర్మిళా యూలీ చౌదరి అని. 1951లోనే ఆ నగర నిర్మాణంలో చేరిన మన దేశపు ఆర్కిటెక్టు. మనలో ఎంతమంది ఆ పేరు విన్నాం? ఆ కుర్చీల కథ ఇంకా చిత్రం. పాతబడ్డాయని డాబాల మీదా, పెరళ్ళలోనూ గుట్టలు పోసి, పాత సామాను కింద వేలం వేసేశారు. కొనుక్కున్నవాళ్ళు విదేశాలకు చేరవేసి, అక్కడి వేలాల్లో లక్షలకు అమ్ముకున్నారు. చెక్క అదే. చూసే కళ్ళే మారాయి.

ఇక నా కిటికీ సంగతి. నాలుగేళ్ళ కిందట మా పుట్టింటి పెంకుటిల్లు పడగొట్టారు. అప్పటికి అమ్మ పోయి రెండేళ్ళు. మాది గోదావరి ఒడ్డు. ఒకప్పుడు ఏజెన్సీ అడవుల్లో కొట్టిన టేకు దుంగల్ని తెప్పలు కట్టి, ఏటివాలున రాజమండ్రి దాకా తెచ్చేవారు. ఆ రోజుల కలపతో కట్టిన ఇల్లు మాది. దూలాలూ ద్వారబంధాలూ పాత కలప వ్యాపారి బేరం చేసి పట్టుకెళ్ళాడు. వంటింటి కిటికీ ఒక్కటి, అడుగున చెద తిన్నదని, వద్దని అవతల పారేశాడు. నీళ్ళ పొయ్యిలోకి పనికొస్తుందని ఎవరో ఎత్తబోతుంటే నేను అడ్డం పడ్డాను. ఆ కిటికీ దగ్గర నిలబడే అమ్మ నలభై ఏళ్ళు వంట చేసింది.

దాన్ని బల్ల చెయ్యడంలో బ్రహ్మవిద్యేమీ లేదు. చెద తిన్న చోట వేలితో తడితే డొల్లగా మోగుతుంది. కొబ్బరికాయను తట్టి చూసి కొనే మనకి ఆ మోత ఒకరు నేర్పాలా? గట్టి చెక్క తగిలేదాకా కోసేశాను. టేకులో నడిమి చేవను చెద అంత తేలిగ్గా ముట్టదు. బెరడు పక్కనుండే తెల్లటి భాగమే దానికి ఇష్టం. పాడైపోయిన స్పీకరులోని అయస్కాంతాన్ని చెక్క మీద నడిపిస్తే లోపల విరిగి ఉండిపోయిన మేకులు దొరికాయి. అవి తియ్యకపోతే రంపం పళ్ళు పోతాయి.

తర్వాత రంగు. ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. పాత ఇళ్ళ ఆయిల్ పెయింట్లలో సీసం కలిసేది. పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలుకొచ్చింది. అందుకని పాత రంగును పొడిగా ఉండగా రుద్దొద్దు, ఆ దుమ్ము విషం. పిల్లల్ని దూరంగా పంపించి, చెక్క తడిపి, కరోనా రోజుల్లో కొన్న ఎన్-95 మాస్కు పెట్టుకుని, తడి మీదే గరుకు కాగితంతో రుద్దాను. రాలినదంతా కవర్లో కట్టి పారేశాను.

రెక్కలు రెండూ పక్కపక్కన చేరిస్తే బల్ల పైభాగం అయింది. చట్రం కోస్తే నాలుగు కాళ్ళూ, అడ్డకర్రలూ వచ్చాయి. ఇనప ఊచలు దిగిన బెజ్జాలు అడ్డకర్రలో వరసగా అలాగే ఉంచేశాను. ఇంటికొచ్చినవాళ్ళు "ఆ డిజైను ఎంత బాగుందో" అనేది వాటినే!

మొదటిసారి చేసింది నిలవలేదు, ఆ మాటా చెప్పేస్తాను. పైచెక్కను జిగురుతోనూ స్క్రూలతోనూ కదలకుండా బిగించేశాను. శ్రావణమాసం వానలు పట్టేసరికి చెక్క ఉబ్బి ఫట్టున చీలింది. ఆచారిగారికి ఇప్పుడు డెబ్భై దాటాయి. చూసి నవ్వారు. "వానాకాలం మీ ఇంటి తలుపు బిగుసుకోదా అమ్మా? ఇదీ ఆ చెక్కేగా! కాస్త మెసలడానికి చోటివ్వాలి" అన్నారు. స్క్రూ దిగే బెజ్జాన్ని చెక్క వెడల్పు వైపు కొంచెం పొడుగ్గా చెయ్యమన్నారు. చిత్రిక గీతలకు ఎదురు పట్టొద్దన్నారు. చివర్న అవిసె నూనె పట్టించాక, తుడిచిన గుడ్డ ఉండచుట్టి మూల పడెయ్యొద్దు, తనంతట తనే అంటుకుంటుంది, విప్పి ఆరబెట్టమన్నారు.

పారేసిన చెక్కే ఎందుకంటారా? కొత్త టేకు కొని మొదలుపెట్టి ఉంటే, మొదటి కోత వంకరపోగానే దాని ఖరీదు చెప్పి మా వాళ్ళు నెల్లాళ్ళు దెప్పేవారు. పారేసిన చెక్క దెప్పదు. మగపిల్లాడు సైకిలు విప్పి పాడుచేస్తే "ఇంజనీరవుతాడు" అని మురిసిపోతాం. ఆడపిల్లకి పాడుచెయ్యడానికి ఒక చెక్కముక్క ఇచ్చామా ఎప్పుడైనా? తప్పు చెయ్యనివ్వకపోతే పని ఎలా వస్తుంది? పుట్టింటి కిటికీలు అందరికీ ఉండకపోవచ్చు. సామాన్లు వచ్చే పెట్టెల చెక్కలైనా చాలు. విదేశాలనుంచి వచ్చిన చెక్క అయితే దాని మీద ముద్ర చూడండి. హెచ్.టి. అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, పరవాలేదు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, ఇంట్లోకి వద్దు.

ఇక సాధింపులు. పాత ఇంటి కలప అరిష్టం అంది మా పిన్ని. ఆవిడ ఊగే ఉయ్యాల బల్ల వాళ్ళ అత్తగారి అత్తగారిది! అదే పాత తలుపు కొట్లో "యాంటిక్" అని చీటీ కట్టుకుంటే శుభమైపోతుంది కాబోలు. టైమెక్కడిదని కొందరు. మూడు నెలల ఆదివారాలు పట్టింది. ఆ ఆదివారాలు మా వారు వంట చేశారు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశారు. నా బల్లకి ఒక కాలు పొట్టిగా వచ్చింది. ఎవరినెవరూ ఏమీ అనుకోలేదు.

వడ్రంగుల పొట్ట కొట్టినట్టు కాదా అని అడిగిందొక స్నేహితురాలు. ఇది మాత్రం అడగవలసిన ప్రశ్నే. జవాబు నా ఒళ్ళే చెప్పింది. ఒక కాలికి బెజ్జం తొలిచేసరికి నా అరచేయి పొక్కింది. ఆ తర్వాత ఆచారిగారు తలుపు సరిచేయడానికొస్తే, జీవితంలో మొదటిసారి నేను బేరమాడలేదు. ఆయన పొట్ట కొట్టింది నా రంపం కాదు. నీళ్ళు పడితే ఉబ్బి పొట్టు రాలే, రంపపు పొట్టు అదిమి చేసిన అట్టల బీరువాలకు అడిగినంత పోసి, వడ్రంగి దగ్గర వందకి గీచి గీచి బేరమాడే మనం. పని చేసి చూడనివాళ్ళకే పని చవకగా కనిపిస్తుంది.

కనక, మీ అమ్మాయికి కుట్టుపని నేర్పండి, వద్దనను. దాంతోపాటు ఒక సుత్తీ, గుప్పెడు మేకులూ, పారేసిన చెక్కముక్కా ఇవ్వండి. వేలు ఒకసారి నలుగుతుంది. కత్తిపీట దగ్గర తెగలేదా ఏమిటి? మీ అబ్బాయికి గరిట ఇవ్వండి. లెక్క సరిపోతుంది.

మళ్ళీ ఎవరైనా "ఎక్కడ కొన్నారు?" అంటే, నేనే చేశాననే చెబుతాను. మా అమ్మ చెప్పలేకపోయిన మాట అది. మీరు చేసింది ఏదైనా మీరూ చెప్పండి, మొగుడి పేరూ ఆచారి పేరూ అడ్డం పెట్టకండి. వాళ్ళ ముఖం కాసేపు ఆరిపోతే పోనివ్వండి. కూర్చుని చూస్తే కదా, విరగదని తెలిసేది!