రెండు డిస్కులు, రెండు నడకలు

“ల్యాప్‌టాప్ డిస్కును ఒక టెరాబైటే, డెస్క్‌టాప్ డిస్కును ఒక టెరాబైటే, మరి యిది యేల నిదానము?” అని మా పెద్దవాడు నన్నడిగెను. అంగడివాడు మోసగించెనని వాని యనుమానము. పాప మాతనియందు దోషము లేదు. గాదె పెద్దదైనంత మాత్రమున ధాన్యము త్వరగా చేతికి వచ్చునా?

హార్డ్‌డిస్కులోపల అద్దమువలె నునుపైన పళ్ళెములు గిరగిర తిరుగుచుండును. చదువు ముల్లు వానిని తాకక, వెండ్రుకకన్న సన్నని యెడములో తేలుచుండును. డెస్క్‌టాప్ డిస్కు మూడున్నర అంగుళములది. సాధారణముగా నిమిషమునకు 7200 మార్లు తిరుగును. ల్యాప్‌టాప్ డిస్కు రెండున్నర అంగుళములది. పెక్కింటికి 5400 మార్లే. కోరిన చోటు ముల్లు క్రిందికి వచ్చువరకు సగటున సగము చుట్టు వేచియుండవలెను గదా. లెక్కింపగా మొదటిదానికి 4.2, రెండవదానికి 5.6 మిల్లీసెకండ్లు. ఇంతేనా యని నవ్వవలదు. పదివేల మార్లు వెదకినచో నదియే 14 సెకండ్ల భేదము. పైగా పెద్ద పళ్ళెపు టంచు చుట్టుకొలత యెక్కువ. ఒక్క చుట్టులో ముల్లు క్రిందుగా సాగు సమాచారమును నెక్కువే.

అట్లని చిన్నదానిని నిందింపరాదు. అది బ్యాటరీపై ఆధారపడి, 5 వోల్టులతోనే తిరుగవలెను. పెద్దదానికి 12 వోల్టులు గూడ నందును. కదలక బల్లక్రింద కూర్చుండు భాగ్యమును గలదు.

కదలుటవలని కీడు మేమెరుగుదుము. మా యత్తగారు పాడిన మేలుకొలుపులను వీడియోలుగా ల్యాప్‌టాప్‌లో దాచితిమి. ఒకనాడు వానిని డెస్క్‌టాప్‌లోనికి ఎక్కించుచు, ఎంతకును ముగియదని విసిగి నేనే నడుమ నాపితిని. వారము తిరుగకమునుపే, పని చేయుచున్న యంత్రము మంచముమీదనుండి జారిపడెను. లోపల టకటక చప్పుడు, అంతే. పదునాలుగు పాటలలో తొమ్మిదియే దక్కినవి. అత్తగారిప్పుడు లేరు.

అందువలన ఆ పాత ల్యాప్‌టాప్‌నకు ఈ మారు ఎస్‌ఎస్‌డీ వేయించితిమి. దానిలో తిరుగు పళ్ళెమే లేదు, వేచియుండు సగము చుట్టును లేదు. రెండున్నర అంగుళములదే గనుక పాతదాని గూటిలో నమరినది. పరిమాణమునుబట్టి చూడ వెల హెచ్చే. డెస్క్‌టాప్‌లోని పాత పళ్ళెమును మాత్రము తీయలేదు. నకళ్ళు దాచుటకు అంత చౌకయైన చోటు వేఱొకటి లేదు.

మొన్న ఆ తొమ్మిది పాటలను మరియొక డిస్కులోనికి ఎక్కించితిని. పొయ్యిమీద పప్పు మాడినను, అది ముగియువరకు నేను కుర్చీనుండి లేవలేదు.