మన డ్యూటీ ఎవరు రాస్తున్నారు?

గ్యాంగ్‌మేన్ అనే పేరు రైల్వే కాగితాల్లో ఇప్పుడు లేదు. మొదట ట్రాక్‌మేన్ అన్నారు, ఆ తర్వాత ట్రాక్ మెయింటెయినర్ అన్నారు. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా పట్టాల పక్క పేటల్లో మాత్రం ఇంకా గ్యాంగోడే. పేరు మార్చినవాళ్లు పనిని కూడా మార్చారు. మార్చే ముందు గ్యాంగోడిని ఒక్క మాట అడిగారా? అడగలేదు. అడగక్కర్లేదని చట్టంలోనే రాసుకున్నారు. ఆ సంగతి మన పేటల్లో చాలామందికి తెలీదు కనుక ఈసారి అదే మాట్లాడుకుందాం.

మన తాతల కాలంలో పట్టాల కింద కర్ర స్లీపర్లు ఉండేవి. వాటి కిందికి కంకరను బీటర్లతో కొట్టి కూరేవారు. ఎండలో, కంకర మీద, నడుం వంచి, అందరూ ఒకే ఊపున కొట్టాలి. తర్వాత కాంక్రీటు స్లీపర్లు వచ్చాయి. ఒక్కోటి పావు టన్ను పైనే బరువు. మనిషి ఎత్తేది కాదు కనుక యంత్రాలు తెచ్చారు. ట్యాంపింగ్ మిషను వచ్చి పట్టాని ఎత్తి, సరిచేసి, కంకర కూరి పోతుంది. మంచిదే. నడుం విరిగే పని పోవద్దని ఎవడంటాడు? మేం యంత్రానికి శత్రువులం కాదు. బీటరు మీద మోజు ఉంటే దాన్ని ఏనాడూ పట్టనివాడికే ఉండాలి.

కానీ పోయిందేటి, మిగిలిందేటి? మిషను రాకముందు కంకర చాలని చోట పోసి ఉంచాలి, అడ్డొచ్చేవన్నీ విప్పి ఉంచాలి. మిషను పోయాక విప్పినవి బిగించాలి, చెదిరిన కంకర సర్దాలి. ఇదంతా గ్యాంగు పనే. మిషను పట్టా ఎక్కాలంటే బండ్లు ఆపాలి, దాన్ని బ్లాక్ అంటారు. బండ్ల రద్దీ ఉన్న లైనులో బ్లాక్ ఎప్పుడిస్తే అప్పుడే పని. అర్ధరాత్రి ఇస్తే అర్ధరాత్రే. పూర్వం గ్యాంగోడి రోజు పొద్దుని బట్టి నడిచేది, ఇప్పుడు మిషనుని బట్టి నడుస్తోంది. ఇక ఆ మిషను మీద సీటు ఉంది చూశారూ, అది వేరే విభాగానిది. దాని మెట్లు వేరు, ఎక్కేవాళ్లు వేరు. పది పాసై, డిగ్రీలు చదివి గ్యాంగులో చేరుతున్న మన కుర్రాళ్లు శాఖాపరమైన పోటీ పరీక్షలకు మమ్మల్నీ కూర్చోనివ్వండి, పార పట్టుకునే రిటైరవ్వాలా అని ఏళ్లుగా అడుగుతున్నారు.

కీమేన్ సంగతి చూడండి. సుత్తి, స్పానరు, ఎర్రజెండా పట్టుకుని రోజూ తన బీటు మొత్తం నడిచి చూస్తాడు. వదులైంది బిగిస్తాడు, విరిగింది కనిపెడతాడు. ఇప్పుడు అతనికి జి.పి.ఎస్. పెట్టె ఇచ్చారు. ఎక్కడున్నాడు, ఎంత నడిచాడు, ఏ చెట్టు కింద ఆగాడు, అన్నీ ఆఫీసులో కనపడతాయి. ఆపద వస్తే కబురు చెయ్యడానికి కూడా పనికొస్తుంది, కాదనం. మరి వెనకనుంచి బండి వస్తోందని గ్యాంగుకి ముందే చెప్పే పరికరం కూడా ఉంది, రక్షక్ అని. అది అందరికీ ఇవ్వండని ట్రాక్ మెయింటెయినర్లు ఎన్నేళ్లుగా అడుగుతూ వచ్చారో లెక్క లేదు. మనిషి ఆగాడా లేదా చూసే పెట్టె తొందరగా వస్తుంది. మనిషిని బతికించే పెట్టె నెమ్మదిగా వస్తుంది.

ఇది చిన్న మాట కాదు. బొగ్గింజను మైలు దూరం నుంచి వినపడేది. కరెంటు ఇంజను దగ్గరికొచ్చే దాకా తెలీదు. పక్కన మిషను మోత ఉంటే అసలే తెలీదు. రెండు లైన్లు మూడయ్యే కొద్దీ ఏ లైను మీద ఏ బండి వస్తుందో చూసుకోవడం కష్టమవుతుంది. 2012లో అనిల్ కాకోద్కర్ కమిటీ లెక్క చెప్పింది. 2007-08 నుంచి 2011 అక్టోబరు లోపల డ్యూటీలో చచ్చిపోయిన రైల్వే సిబ్బంది దాదాపు 1600 మంది. బండి పట్టాలు తప్పితే పేపర్లో ఫొటో వస్తుంది. వీళ్లకి వచ్చిందా?

ఈ పని మనకే ఎందుకు మిగిలిందో బాబాసాహెబ్ ఏనాడో చెప్పారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జి.ఐ.పి. రైల్వే అస్పృశ్య కార్మికుల సభ జరిగింది. రైల్వేలో మనవాడికి గ్యాంగు తప్ప గతి లేదని, పోర్టరు పని కూడా ఇవ్వరని ఆయన అక్కడ విప్పి చెప్పారు. ఎందుకివ్వరు? పోర్టరు స్టేషను మాస్టరు ఇంట్లో పని కూడా చెయ్యాలి, మనవాణ్ని ఆ ఇంట్లోకి రానివ్వరు! చూడండి, ఏ పుస్తకంలోనూ రాయని డ్యూటీ ఒకటి మన ఉద్యోగాన్ని మింగేసింది. అందుకే డ్యూటీలు మారుతున్నాయి అనగానే మనం చెవులు నిక్కించాలి. ఎవరి పని మారుతోంది, కొత్త సీటు ఎవరికి పోతోంది, పాత పార ఎవరి చేతిలో ఉండిపోతోంది అని చూడాలి.

యంత్రం ఆగిపోయినప్పుడు ఏమవుతుందో మన జిల్లాలోనే చూశాం. 2023 అక్టోబరు 29 రాత్రి ఏడు గంటలప్పుడు కంటకాపల్లి, అలమండ మధ్య పలాస పాసింజరుని వెనకనుంచి రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. ఒకప్పుడు ముందు బండి తర్వాతి స్టేషను దాటితే గానీ వెనక బండిని వదిలేవారు కాదు. ఆటోమేటిక్ సిగ్నళ్లు వచ్చాక ఒకదాని వెనక ఒకటి వదులుతున్నారు. ఆవేళ ఆ సిగ్నళ్లే చెడిపోయి ఉన్నాయి. చెడితే ఆగి, కాసేపు చూసి, నెమ్మదిగా పోవాలని రూలు. రాయగడ బండి డ్రైవర్లు ఆ రూలు తప్పారని వెంటనే తేల్చేశారు. 2024 మార్చిలో రైల్వే మంత్రి వాళ్లు ఫోనులో క్రికెట్ చూస్తున్నారని కూడా అన్నారు. ఆ ఇద్దరూ ఆ ప్రమాదంలోనే చచ్చిపోయారు, నోరు విప్పి చెప్పుకోలేరు. తప్పెవరిదని మేం తీర్పు చెప్పడం లేదు. మా ప్రశ్న వేరు. బండ్లు గుద్దుకోకుండా ఆపే కవచ్ ఆ లైనులో లేదు. సిగ్నలు పనిచేసినంతసేపూ గొప్ప యంత్రానిది, అది చెడిన క్షణం నుంచి భారమంతా ఇంజనులో ఉన్న ఇద్దరిది. ఈ పంపకం ఎవరు చేశారు?

అడగడం కొత్తేమీ కాదు. 1927లో ఈ లైను బి.ఎన్.ఆర్. కంపెనీ చేతిలో ఉండేది. రేవెన్ కమిటీ చెప్పిందని వర్క్‌షాపుల్లో పని పద్ధతులు మార్చి మనుషుల్ని తీసెయ్యబోతే ఖరగ్‌పూర్‌లో పెద్ద సమ్మె జరిగింది. మన జిల్లాల నుంచి పొట్ట చేత పట్టుకుని పోయిన తెలుగు కూలీలు ఉన్న ఊరది. అప్పుడు వాళ్ల నాయకుడు వి.వి. గిరి. 1974 మే నెలలో దేశమంతా రైల్వే సమ్మె జరిగి వేలమందిని జైళ్లలో పెట్టినప్పుడు రాష్ట్రపతి కుర్చీలో ఉన్నదీ ఆయనే. వింత కాదూ!

ఇప్పుడు చట్టం మాట. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 9-ఎ అని సెక్షను ఉండేది. పని గంటలు, విశ్రాంతి, జీతం మార్చాలన్నా, ఉద్యోగాలు ఊడేలా కొత్త యంత్రం తేవాలన్నా యజమాని 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. బాగుంది. దాని కిందే ఇంకో ముక్క. రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ కోడ్ వర్తించేవాళ్లకి ఈ నోటీసు అక్కర్లేదు! ఆ చట్టం స్థానంలో తెచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అది 40వ సెక్షను అయింది. మినహాయింపు మాత్రం అలాగే ఉంచారు. జూటు మిల్లు కార్మికుడికి ఉన్న నోటీసు గ్యాంగోడికి లేదు. ఈ మినహాయింపు తీసెయ్యాలని, డ్యూటీ మారిస్తే ఆ కాగితం తెలుగులో చేతికివ్వాలని మన సంఘాలు అడగాలి. ఎర్రజెండా యూనియనైనా, ఏ జెండా యూనియనైనా ఈ మాట ఎత్తనివాళ్లకి ఓటెందుకు వెయ్యాలి?

మరి మన రెల్లి వీధుల సంగతి? పట్టాల మీద మలం ఎత్తే పని ఒక గడువు పెట్టుకుని ఆపమని 2014 మార్చిలో సుప్రీంకోర్టు రైల్వేకి చెప్పింది. ఆ కేసు వేసింది సఫాయి కర్మచారి ఆందోళన్. పెట్టెలకి బయో టాయిలెట్లు వచ్చాయి. అదీ మంచి యంత్రమే. కానీ చీపురు పని కంట్రాక్టరు చేతికి పోయింది. టెండరు మారితే మనుషులు మారతారు, షిఫ్టు మారుతుంది, జీతం తగ్గుతుంది.

ఇక్కడే ఒక సందు ఉంది. కంట్రాక్టరు మనుషులకి రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ కోడ్ వర్తించదు. కనుక వాళ్ల విషయంలో ఆ మినహాయింపూ చెల్లదు. విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు, పలాస స్టేషన్లలో చీపురు పట్టే అక్కచెల్లెళ్ల పని గంటలు కంట్రాక్టరు మార్చబోతే నోటీసేదని అడగండి. నోటి మాట కాదు, కాగితం మీద రాసి, తారీఖు వేసి ఇవ్వండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని రెండోది లేబరు ఆఫీసులో ఇచ్చి రశీదు తీసుకోండి.