మా బాబాయి పసుపు ఏ శాఖది?

"బి.ఏ. చదివావు, నవలలు రాస్తావు, ఢిల్లీకి ఒక్క అర్జీ రాసి పెట్టలేవుటే?" అన్నాడు మా తోట్లవల్లూరు బాబాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకి వచ్చిపడ్డప్పుడు లంకలో ఆయన పసుపు, కంద, చెరుకు అన్నీ మునిగాయి. నీరు తీశాక చూస్తే పసుపు దుంప వేళ్ళతో నొక్కితే మెత్తగా అణిగిపోతోంది. రాయకేం చేస్తాను! కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. "గౌరవనీయులైన మంత్రివర్యులకు" అని మొదలెట్టాను. ఏ మంత్రివర్యులకు? కలం అక్కడే ఆగిపోయింది.

వ్యవసాయ మంత్రిగారికే కదా అంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. తీరా వాకబు చేస్తే వరద అనే విపత్తు హోం శాఖదిట! 2002 దాకా విపత్తులన్నీ వ్యవసాయ శాఖే చూసేది. ఆ యేడు వాటిని హోం శాఖకి అప్పగిస్తూ కరువు, వడగళ్ళు, చీడపీడలు మాత్రం పాతచోటే వుంచారు. అంటే మా బాబాయి చేను ఎండిపోతే ఒక మంత్రిగారూ, మునిగిపోతే ఇంకో మంత్రిగారూ విచారించాలన్నమాట. వరద ఎంత వస్తుందో చెప్పే కేంద్ర జలసంఘం జలశక్తి శాఖలో వుంది. ఆ వరద తెచ్చే వాన సంగతి చెప్పేవాళ్ళు భూవిజ్ఞాన శాఖ వాళ్ళు. పంటల బీమా మళ్ళీ వ్యవసాయ శాఖ. చేలో చల్లిన యూరియా రసాయనాలు, ఎరువుల శాఖ. పసుపు భూమిలో వున్నంతసేపూ వ్యవసాయమే గానీ, 2023లో ప్రకటించి 2025లో నిజామాబాదు కేంద్రంగా మొదలెట్టిన జాతీయ పసుపు బోర్డు వాణిజ్య శాఖది.

ఇక చెరుకు సంగతి చెప్పొద్దూ! ధర సిఫార్సు చేసే కమిషన్ వ్యవసాయ శాఖ కింద. పంచదార ఆహార శాఖ కింద. అదే చెరుకు నుంచి తీసిన ఇథనాల్ పెట్రోలులో కలిసేసరికి పెట్రోలియం శాఖ. పెళ్ళికూతురికైనా ఇంతమంది మేనమామలు వుండరు.

పోనీ ఇదేమైనా కదలని ఏర్పాటా అంటే అదీ కాదు. నీటి సంగతే చూడండి. మా పక్కనే కంకిపాడులో పుట్టిన కె.ఎల్. రావుగారు 1963 నుంచి 1973 దాకా కేంద్ర మంత్రిగా వున్నప్పుడు నీటిపారుదల, విద్యుత్తు ఒకే గొడుగు కింద వుండేవి. 1974లో నీటిపారుదలని విడదీసి వ్యవసాయంతో ముడివేశారు. 1980లో ఆ ముడి విప్పారు. 1985లో జలవనరుల శాఖ అన్నారు. 2019లో తాగునీటిని కూడా కలిపి జలశక్తి అన్నారు. కృష్ణమ్మ మాత్రం పేరు మార్చుకోకుండా, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకేలా, హంసలదీవి దాకా పోతూనే వుంది.

ఎదురింటి రిటైర్డు తహసీల్దారుగారు నా గోల విని నవ్వారు. "శాఖలే లేకపోతే ఎవరి పని ఎవరు చేస్తారమ్మా? అయినా వ్యవసాయం రాష్ట్రాల జాబితాలోది కదా" అన్నారు. నిజమే. వాన లెక్కలు కట్టేవాళ్ళే పడవ కూడా నడపాలని నేనెందుకంటాను? రాష్ట్రంతో పని రాష్ట్రంతోనే తేల్చుకుంటాం. కానీ మన రాష్ట్ర విపత్తు నిధిలో నూటికి 75 రూపాయలు కేంద్రానివే కదా, మరి ఢిల్లీ గుమ్మం తట్టే హక్కు మా బాబాయికి లేదా? నా పేచీ శాఖలతో కాదు. ఏ శాఖ ఎవరిదో తెలుసుకునే బరువు కష్టంలో వున్నవాడి నెత్తిన పెట్టడంతో.

రాజ్యాంగంలో 77వ అధికరణం వుంది. దాని కిందే 1961లో శాఖలకి పనులు పంచే నియమావళి వచ్చింది. ప్రభుత్వ వ్యవహారాలు మరింత సౌకర్యంగా సాగడానికే ఈ నియమాలు అని ఆ అధికరణం స్పష్టంగానే చెబుతోంది. ఎవరి సౌకర్యమండీ? ఫైలుదా, మనిషిదా?

చేసిన చోట చేశారు కూడా. 2005 నాటి సమాచార హక్కు చట్టం 6వ సెక్షన్‌లో, దరఖాస్తు పొరపాటు చోటికి వస్తే అయిదు రోజుల్లోగా సరైన చోటికి వాళ్ళే పంపి, ఆ ముక్క దరఖాస్తుదారుకి తెలియజెయ్యాలని వుంది. ఎంత మర్యాద! అంటే సమాచారం అడిగినవాడికి ఆ మర్యాద చట్టమే ఇచ్చింది. పంట పోయిందని మొత్తుకునేవాడికి? అర్జీలు ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి పంపే ఏర్పాట్లు వున్నాయి, కాదనను. కానీ అవి ఏర్పాట్లే, చట్టం కాదు. గడువులోగా ఫిర్యాదులు తీర్చాలనే బిల్లు 2011లో లోక్‌సభకి వచ్చింది, 2014లో ఆ సభతోపాటే మురిగిపోయింది. దాన్ని మళ్ళీ బయటికి తియ్యమంటున్నాను. ఏ శాఖ గుమ్మంలో పెట్టినా ఆ అర్జీ వాళ్ళదే కావాలి, పక్క గదికి నడిచేది వాళ్ళ గుమాస్తా కావాలి, మా బాబాయి కాదు.

ఇదంతా విని బాబాయి, "పైన ఢిల్లీ అని రాసి పడెయ్యవే! మన వూళ్ళో 'పసుపు వండే ఆయనకి' అని రాసినా పోస్టుమాన్ తెచ్చి ఇస్తున్నాడా లేదా?" అన్నాడు.

అయిదు కాపీలు రాశాను. వరదకొకటి, బీమాకొకటి, పసుపుకొకటి, చెరుకుకొకటి. అయిదో కవరు మీద స్టాంపు అంటించాను గానీ, ఎవరి పేరు రాయాలో ఇంకా తేలలేదు.